విజయనగర బంగారు వరహాల సేకరణ: గుర్తింపు, పరీక్ష, కొనుగోలు, భద్రత

విజయనగర రాజుల బంగారు నాణేల, అంటే వరహాల గురించి తరచుగా వచ్చే ప్రశ్నలు రెండు. ఇంట్లో ఉన్న చిన్న బంగారు బిళ్ళ నిజంగా కృష్ణదేవరాయల కాలానిదేనా అన్నది ఒకటి. కొత్తగా కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మరొకటి. ఈ రెండింటికీ చాలామంది చేసే మొదటి పని నాణేన్ని కంసాలి దగ్గరకు తీసుకెళ్ళి గీటురాయి మీద గీయించడం. ఆ పరీక్షకు ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో చిట్టచివరి స్థానం కూడా దక్కదు, ఎందుకంటే ఈ రంగంలో ప్రమాదకరమైన నకిలీలు ఇత్తడివి కావు, అసలు బంగారంతో చేసినవే. అందువల్ల లోహాన్ని తరువాత చూసుకొని, చట్టం, నాణెం పూర్వాపరాలు, రూపం, కొట్టిన తీరు అనే క్రమంలో ముందుకు సాగాలి.

ఇక్కడ చెప్పేది చేతితో, సుత్తితో కొట్టిన నాణేల గురించి. కింది అచ్చు మీద బంగారు బిళ్ళను ఉంచి, పై అచ్చును దానిపై నిలిపి సుత్తితో కొట్టేవారు. కాబట్టి ఏ రెండు నాణేలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఈ ఒక్క విషయం గుర్తుంటే ముందున్న సగం పరీక్షలు సులభంగా అర్థమవుతాయి.

1. ముందుగా చట్టం తెలుసుకోండి

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దానిని సొంతానికి ఉంచుకోవడం నేరం కాదు. అయితే వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ పురావస్తువును దేశం దాటించకూడదు.

విదేశాలలో ఉన్న తెలుగువారు పట్టించుకోని నియమం ఇదే. అమ్మమ్మ ఇచ్చిన వరహాను పర్సులో వేసుకొని డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో తీసుకెళ్ళడం కూడా ఎగుమతి కిందికే వస్తుంది. నాణెం అసలుదేనా, ఏ స్థితిలో ఉందో చూసి స్థాయి నిర్ణయించే విదేశీ సంస్థకు పరీక్ష కోసం పంపినా అంతే. తిరిగి వస్తుంది కదా అన్న వాదన నిలవదు. విదేశంలో ఉండి సేకరించదలచినవారు అక్కడి వేలాలలో, అక్కడ ఇప్పటికే చట్టబద్ధంగా ఉన్న నాణేలను కొని, అక్కడే ఉంచుకోవడం మంచిది.

రెండవది 1878 నాటి నిధుల చట్టం. భూమిలో గాని, భూమికి అంటుకొని ఉన్న కట్టడంలో గాని దాచిన సొత్తు దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. కనుక పొలం దున్నుతుంటే దొరికిందని, పునాదులు తవ్వుతుంటే బయటపడిందని చెప్పి ఎవరైనా అమ్మజూపితే, అది నిజమైతే చట్ట విరుద్ధం, అబద్ధమైతే మోసం. ఈ రెండింటిలో ఏది నిజమైనా కొనకూడదు. ముందు ఒక అసలు నాణెం ఇచ్చి పరీక్ష చేయించుకోమని, ఆ తరువాత చెంబెడు ఇత్తడి బిళ్ళలు అంటగట్టే ముఠాల కథ దాదాపు ఎప్పుడూ పొలంలోనే మొదలవుతుంది.

కొనుగోలుకు ముందు సరిచూసుకోవలసినవి:

- అమ్మేవారికి పురావస్తువుల వ్యాపార లైసెన్సు ఉందా?
- నాణెం ఫొటో, బరువు, వివరణ ఉన్న బిల్లు ఇస్తారా?
- అంతకు ముందు ఎవరి దగ్గర ఉంది, ఏ వేలంలో అమ్ముడయింది అనే ఆధారం ఉందా?
- చెల్లింపు బ్యాంకు ద్వారానా? ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం 2 లక్షల రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోకూడదు.

2. పరిధిని చిన్నదిగా పెట్టుకోండి

విజయనగర తొలి రాజు హరిహరుడి నుంచి చివరిదైన అరవీటి వంశం దాకా అన్నీ సేకరిస్తానని మొదలుపెట్టినవారు సాధారణంగా రెండేళ్ళలో చెల్లాచెదురైన పది నాణేలతో, ఖాళీ అయిన బ్యాంకు ఖాతాతో మిగులుతారు. ఒక రాజును గాని, ఒక విలువను గాని, ఒక దేవతా రూపాన్ని గాని ఎంచుకోండి.

విలువల లెక్క ఇది. వరహా బరువు సుమారు 3.4 గ్రాములు, ప్రతాప అనే అర వరహా 1.7 గ్రాములు, పావు వరహా 0.85 గ్రాములు; పణం వరహాలో పదో వంతు. కృష్ణదేవరాయల జంట వరహా వంటివి చాలా అరుదు. వాటితో ఎవరూ మొదలుపెట్టకూడదు.

నా అభిప్రాయంలో కొత్తవారికి సరైన ఆరంభం కృష్ణదేవరాయల లేదా అచ్యుతరాయల అర వరహా. అవి తగినన్ని దొరుకుతాయి, పోల్చి చూసుకోవడానికి ఫొటోలు విస్తారంగా ఉన్నాయి. అంత ఖర్చు కూడా వద్దనుకుంటే విజయనగరం తరువాత మైసూరులో వచ్చిన కంఠీరవ పణంతో మొదలుపెట్టవచ్చు. తిరుమలరాయల సీతారామలక్ష్మణుల వరహా, హరిహరరాయల బ్రహ్మ సరస్వతుల రకం వంటివి కన్ను కుదిరాక చూడవలసినవి.

3. పరికరాలు

- 0.001 గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, దానిని సరిచూసుకునే తూనిక
- 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- వ్యాసం, మందం కొలిచే ప్లాస్టిక్ పరికరం (కాలిపర్). ఉక్కుదైతే బంగారం మీద గీత పడుతుంది
- ఒక పక్క నుంచి పడేలా మార్చుకోగల చిన్న దీపం
- మెత్తటి గుడ్డ పరిచిన పళ్ళెం

0.01 గ్రాము త్రాసు చాలదా అని అడుగుతారు. బరువు చూడటానికి చాలుతుంది, సాంద్రత పరీక్షకు చాలదు. కారణం ఐదవ భాగంలో ఉంది.

4. బొమ్మ వైపు, బొరుసు వైపు చదవడం

కృష్ణదేవరాయలు పుట్టిన తుళువ వంశపు రాజుల వరహాల మీద బొమ్మ వైపు దేవతా రూపమో రాజచిహ్నమో, బొరుసు వైపు సాధారణంగా మూడు పంక్తులలో నాగరి లిపి అక్షరాలు ఉంటాయి. హిందీ చదవగలిగితే సగం పని అయినట్టే, కాని అక్షరాల రూపాలు పాతవి. పైగా నాణెం అచ్చు కంటే చిన్నది కావడంతో పంక్తుల చివర్లు తెగిపోతాయి. ముందుగా "శ్రీ ప్రతాప" అన్న మాటను నాగరిలో పదే పదే రాసి చేతికి అలవాటు చేసుకోండి, ఎందుకంటే చాలా నాణేల మీద ఆరంభం అదే.

దీనివల్ల కొనేటప్పుడు పనికివచ్చే ఒక సంగతి తెలుస్తుంది. "శ్రీ ప్రతాప" చాలామంది రాజులకు సమానం కాబట్టి, రాజు ఎవరో చెప్పేవి కింది పంక్తులే. మొదటి పంక్తి ముత్యాల్లా కనిపిస్తూ, కింది పంక్తులు నాణెం దాటి పోయినప్పుడు, చూడటానికి ఎంత అందంగా ఉన్నా ఆ నాణెం ఎవరిదో నిర్ధారించడం కష్టం. ధర అందుకు తగ్గట్టు తగ్గాలి.

ముఖ్యమైన రకాలు:

- రెండవ హరిహరరాయలు (1377–1404): ఉమామహేశ్వరులు, లక్ష్మీనరసింహులు, లక్ష్మీనారాయణులు, బ్రహ్మ సరస్వతులు, "శ్రీ ప్రతాప హరిహర".
- దేవరాయలు: ఉమామహేశ్వరులు; "శ్రీ ప్రతాప దేవరాయ". మొదటి దేవరాయలు, రెండవ దేవరాయలు ఇద్దరి పేరూ ఒకటే కనుక, అమ్మేవారు ఎవరో ఒకరి పేరు నిక్కచ్చిగా చెబితే ఆధారం అడగండి.
- కృష్ణదేవరాయలు (1509–1529): వెన్నముద్ద పట్టుకొని కూర్చున్న బాలకృష్ణుడు, "శ్రీ ప్రతాప కృష్ణరాయ". పాత జాబితాలు కొన్ని ఈ రూపాన్ని దుర్గగా చెప్పాయి. అలా రాసి ఉన్నంత మాత్రాన అది మరో రకం అనుకోవద్దు.
- అచ్యుతరాయలు (1529–1542): ముక్కులతో, గోళ్ళతో ఏనుగులను పట్టుకున్న గండభేరుండం అనే రెండు తలల పక్షి.
- సదాశివరాయలు (1542–1570): కూర్చున్న లక్ష్మీనారాయణులు, "శ్రీ ప్రతాప సదాశివరాయ".
- తిరుమలరాయలు: కూర్చున్న సీతారాములు, పక్కన నిలబడిన లక్ష్మణుడు.
- రెండవ వేంకటపతిరాయలు (1586–1614): తోరణం కింద నిలిచిన వేంకటేశ్వరుడు, "శ్రీ వేంకటేశ్వరాయ నమః".

ఈ రకాలతో కలగలిసిపోయే నాణేలు కొన్ని ఉన్నాయి. కర్ణాటకలో పాలించిన కెళది నాయకుల వరహా మీద శివపార్వతులు, "శ్రీ సదాశివ" అనే అక్షరాలు ఉంటాయి. దానిని విజయనగర సదాశివరాయలదిగా అమ్మడం మామూలే. హైదరాలీ వరహా మీద కూడా శివపార్వతులే, కాని వెనుక అతని పేరులోని మొదటి పారశీక అక్షరం ఉంటుంది. విష్ణువు ఒక వైపు, చుక్కల మధ్య నక్షత్రం మరో వైపు ఉన్నది ఈస్టిండియా కంపెనీ మద్రాసు పగోడా (పగోడా అన్నది వరహాకు ఐరోపావారి పేరు). శ్రీరామ పట్టాభిషేకం ఉన్న రామటంకాలు పూజకు ఉద్దేశించిన బిళ్ళలు. వాటిని రాజుల నాణేలుగా భావించి కొనకూడదు. ఇవన్నీ సేకరించదగినవే, కాని వాటి ధర వేరు.

పోలికకు నమ్మకమైన నాణేలను కళ్ళారా చూడటం అవసరం. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఇందుకు దగ్గరి చోట్లు. బ్రిటిష్ మ్యూజియం తన నాణేల ఫొటోలను ఇంటర్నెట్‌లో ఉంచింది. పేరున్న వేలం సంస్థల పాత జాబితాలను దాచుకోండి. అవే తరువాత మీ ధరల పుస్తకం అవుతాయి.

5. పరీక్షల క్రమం

కింది క్రమాన్ని మార్చకండి. ఒక మెట్టు దగ్గర నాణెం ఆగిపోతే తరువాతి మెట్టు అవసరం లేదు.

5.1 బరువు. వరహా 3.3 నుంచి 3.45 గ్రాముల మధ్య ఉంటే సహజం. బాగా అరిగినది కొంత తగ్గవచ్చు. కొత్తగా మెరుస్తూ 3.1 గ్రాములు ఉన్నదీ, అరిగిపోయి 3.6 గ్రాములు ఉన్నదీ రెండూ అనుమానించదగినవే.

5.2 కొలతలు. వరహా వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు. ఈ బరువుకూ ఆ వ్యాసానికీ మందం 1.7 మిల్లీమీటర్ల దరిదాపున రావాలి. బరువు సరిపోయి మందం బాగా ఎక్కువగా ఉందంటే లోపల తేలిక లోహం ఉందన్నమాట. కొద్ది సెకన్లలో అయిపోయే ఈ లెక్కకే చాలా పూత నాణేలు దొరికిపోతాయి.

5.3 అంచు. చుట్టూ ఒకే వరుసలో సన్నని గీత కనిపిస్తే అది రెండు సగాల మూసలో పోసిన నాణెం. అంచు మీద అక్కడక్కడ చిన్న చీలికలు ఉండటం మంచి గుర్తే, ఎందుకంటే దెబ్బ తగిలి బంగారం బయటికి జరిగినప్పుడు అలాంటివి సహజంగా ఏర్పడతాయి. మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడవలసినది మరొకటి ఉంది: చాలా వరహాలు కాసుల పేర్లలో చేరాయి. పై అంచున టంకం మచ్చ, ఆకురాయి గీతలు, పూడ్చిన రంధ్రం ఉన్నాయేమో వెతకండి. అలాంటి నాణెం అసలైనదే కావచ్చు, కాని చెక్కుచెదరని నాణెం ధర దానికి ఇవ్వకూడదు.

5.4 తలం. దీపాన్ని పక్క నుంచి పడనిచ్చి భూతద్దంతో చూడండి. కొట్టిన నాణెంలో అక్షరాల గోడలు నిటారుగా, వాటి చుట్టూ లోహం ప్రవహించినట్టు సన్నని చారలు ఉంటాయి. పోత నాణెంలో అక్షరాలు మెత్తబడి, తలం మీద సూది మొన లాంటి గుంటలు కనిపిస్తాయి. అరుగుదల ఎత్తయిన చోట్ల మొదలు కావాలి. దేవుడి ముఖం, మోకాలు పూర్తిగా అరిగిపోయి కిరీటం గీతలు మాత్రం పదునుగా ఉంటే, ఎవరో తరువాత ఉలితో చెక్కి సరిదిద్దారు.

5.5 అచ్చుల పోలిక. అసలు బంగారంతో చేసిన నకిలీలను పట్టించేది ఈ మెట్టే. మీ నాణెం ఫొటోను తెలిసిన నాణేల ఫొటోలతో పక్కపక్కన పెట్టండి. ఒకే అచ్చుతో కొట్టిన రెండు అసలు నాణేల్లో బొమ్మ ఒకటే అయినా, దెబ్బ పక్కకు జరిగిన తీరు, బిళ్ళ ఆకారం, అంచు చీలికలు వేర్వేరుగా ఉంటాయి. రెండు నాణేల్లో బొమ్మతో పాటు బిళ్ళ ఆకారం, గాటు, చీలిక కూడా ఒకే చోట ఉంటే, కనీసం ఒకటి నకలు; చాలాసార్లు రెండూ మూడో నాణెం నుంచి తీసిన నకళ్ళే. పాత వేలం జాబితాలు దాచుకోమన్నది ఇందుకు కూడా.

5.6 సాంద్రత. నాణెం బరువును రాసుకోండి. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. సన్నని దారంతో నాణేన్ని కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. గాలి బుడగలు అంటుకోకుండా నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేయవచ్చు. మూడుసార్లు చేసి సగటు తీయండి.

మేలిమి బంగారం సాంద్రత 19.3, 22 కారెట్ల బంగారానిది, కలిసిన లోహాన్ని బట్టి, 17.5 నుంచి 17.9. కాబట్టి 3.40 గ్రాముల వరహాకు నీళ్ళ గ్లాసు 0.194 గ్రాము చూపితే సాంద్రత 17.5. అదే 0.01 గ్రాము త్రాసు అయితే 0.19 అని చూపి 17.9 అనిపిస్తుంది, లేదా 0.20 అని చూపి 17.0 అనిపిస్తుంది, ఆ తేడాతో ఏదీ తేల్చలేము. పణం విషయంలో 0.001 గ్రాము త్రాసు కూడా నమ్మదగినది కాదు, ఎందుకంటే 0.35 గ్రాముల పణం తొలగించే నీటి బరువు 0.02 గ్రాము మాత్రమే. పణాలకు ఈ పరీక్షను వదిలేసి 5.4, 5.5 మెట్ల మీదే ఆధారపడండి.

5.7 ఎక్స్‌రే పరీక్ష. నగల దుకాణాలలో ఎక్స్‌రేతో బంగారం స్వచ్ఛత చూపే కారెట్ మీటరు పై పొరను మాత్రమే చదువుతుంది. మందపాటి పూత ఉన్న నాణెం అందులో గెలుస్తుంది. సాంద్రతతో కలిపి చూస్తేనే దాని ఫలితానికి అర్థం ఉంటుంది. గీటురాయి, ఆమ్లం, ఆకురాయి మాత్రం ఎప్పుడూ వద్దు. గీటురాయి అంచు మీద చదునైన మచ్చ మిగులుస్తుంది, ఆ మచ్చ మళ్ళీ పోదు.

6. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

*దెబ్బ పక్కకు జరిగిందని అసలు నాణేన్ని తిరస్కరించడం.* చేతితో కొట్టినదానిలో అది లోపం కాదు. బొమ్మ నట్టనడుమ, అక్షరాలన్నీ నిండుగా, అంచు గుండ్రంగా, ధర చవకగా ఉన్నదాన్నే ఎక్కువ అనుమానించాలి.

*హాల్‌మార్క్ అడగడం.* అది నేటి నగల గుర్తు. పాత నాణెం మీద ఎలాంటి ముద్రా వేయించకూడదు.

*ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఉందని నమ్మడం.* స్థాయి నిర్ణయ సంస్థలు నాణేన్ని పరీక్షించి మూసి ఇచ్చే పెట్టెలకు కూడా నకళ్ళు వస్తున్నాయి. పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో వెతికి, అక్కడి ఫొటోలోని నాణెమూ మీ ముందున్నదీ ఒకటేనా అని చూడండి. సంఖ్య సరిపోతే చాలదు.

*అరుదైన రకాన్నీ, అరుదుగా బాగున్న నాణేన్నీ ఒకటిగా అనుకోవడం.* బాలకృష్ణుడి వరహా సాధారణ రకం. అందులో అన్ని అక్షరాలూ నిండుగా పడినది అరుదు. తిరుమలరాయల వరహా రకమే అరుదు. అక్కడ ఒక అక్షరం తెగినా రాజీ పడవచ్చు.

7. కొనుగోలు

వేలంలో పాల్గొనే ముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి. మొదటిది ఆ రోజు బంగారం ధర ప్రకారం లోహం విలువ. రెండవది ఇదే రకం, ఇదే స్థితిలో గత వేలాలలో పలికిన ధర. మూడవది మీ గరిష్ఠ పరిమితి. అందులో కొనుగోలుదారు చెల్లించవలసిన అదనపు రుసుము, పన్ను, పంపించే ఖర్చు కూడా కలిపి ఉండాలి. వేలం పాట ముగిసి సుత్తి పడిన ధరే తుది ధర అనుకోవడం కొత్తవారి ఖరీదైన అపోహ.

లోహం విలువకు దగ్గరలో ఎవరైనా అరుదైన వరహా ఇస్తామంటే ఆగి ఆలోచించండి. తెలిసిన వ్యాపారి అలా అమ్మడు, తెలియనివాడి దగ్గర పూర్వాపరాల కాగితం ఉండదు.

వీలైతే వేలానికి ముందు జరిగే ప్రదర్శనకు స్వయంగా వెళ్ళి 5.1 నుంచి 5.4 వరకు అక్కడే చేయండి; మర్యాదగా అడిగితే త్రాసు ఇస్తారు. ఫొటో చూసి కొంటే, నకిలీ అని తేలినప్పుడు వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజులలోపు అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

8. శుభ్రం చేయకండి, సరిగా దాచండి

నగలను కుంకుడుకాయ రసంతోనో చింతపండుతోనో తోమే అలవాటు నాణేల దగ్గర పనికిరాదు. తోమినప్పుడు పడే సన్నని గీతలు భూతద్దంలో ముళ్ళపొదలా కనిపించి ధరను తగ్గిస్తాయి. వరలక్ష్మీ వ్రతం నాడు వరహాను పూజలో పెట్టాలనుకుంటే దానిని దాచిన ప్లాస్టిక్ కవచం తీయకుండా పెట్టి, పసుపు కుంకుమలు కవచం మీద వేయండి.

జిడ్డు మరీ ఎక్కువగా ఉంటే స్వేదన జలంలో కొంతసేపు ఉంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వండి. పాత ప్లాస్టిక్ సంచి వదిలిన జిగటకు స్వచ్ఛమైన అసిటోన్ పనిచేస్తుంది. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా వాడాలి. గోళ్ళరంగు తీసే ద్రావణంలో నూనెలు, సువాసనలు కలిసి ఉంటాయి కనుక అది వద్దు.

- పీవీసీ సంచులు వాడకండి. మైలార్ అనే పాలిస్టర్ కవరు లేదా సరిపోయే అక్రిలిక్ కవచం వాడండి.
- నాణేన్ని అంచులతోనే పట్టుకోండి.
- పణాలను ఒక్కొక్కటిగా దాచండి. 6 మిల్లీమీటర్ల నాణెం నేల మీద పడితే వెతకడం కష్టం.
- బ్యాంకు లాకరు మంచిదే, కాని రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం వంటి సందర్భాలలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లకే పరిమితం. రెండు మంచి వరహాల విలువ దానిని దాటవచ్చు కాబట్టి బీమా గురించి విడిగా విచారించండి.

9. నమోదు పుస్తకం

ప్రతి నాణేనికీ ఒక పేజీ కేటాయించి ఇవి రాయండి:

- రెండు వైపుల ఫొటో, అంచు ఫొటో
- బరువు, వ్యాసం, సాంద్రత, పరీక్షించిన తేదీ
- చదవగలిగిన అక్షరాలు, చదవలేకపోయిన చోట చుక్కలు
- ఏ రాజుదని, ఏ ఆధారంతో నిర్ణయించారు
- ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, బిల్లు ప్రతి
- అంతకు ముందు యజమాని లేదా వేలం వివరం
- పోల్చి చూసిన ఇతర నాణేల జాబితా

ఈ పుస్తకం ప్రతిని లాకరులో కాక వేరే చోట ఉంచి, ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పండి. వారసులకు నాణేల మీద ఆసక్తి లేకపోతే కరిగించకుండా, తూకానికి అమ్మకుండా ఏ లైసెన్సుదారును లేదా ఏ మ్యూజియాన్ని సంప్రదించాలో చివరి పేజీలో పేర్లతో సహా రాసి, ఆ పేజీని ఏడాదికోసారి సరిచూడండి.